ముప్పై నాలుగో చుక్క

చుక్కల మాస్టారికి "లేదు" అనే మాట నోటికి రాదు. ఇరవై ఆరేళ్ళుగా రెండో తరగతికి పాఠం చెబుతున్నాడు, ఇంతవరకూ ఒక్కరికి సున్నా వేసిన పాపాన పోలేదు. ఖాళీ కాగితం ఇచ్చిన పిల్లాడికి కూడా "పేరైనా రాశాడు కదా పాపం" అని ఒక మార్కు పడేస్తాడు. పేరు కూడా రాయకపోతే, కాగితం నలగకుండా ఇచ్చినందుకు ఆ ఒక్క మార్కూ వేస్తాడు. హెడ్ మేడమ్ సెలవు రోజున రమ్మంటే వస్తాడు. పక్క తరగతి టీచరు తన పుస్తకాల కట్ట అంటగడితే కూర్చుని దిద్దుతాడు. "నన్ను చేసుకోవడం కూడా వద్దనలేక చేసుకున్నదే," అంటుంది భార్య, ఇంటికొచ్చినవాళ్ళ ముందే. ఆయన దాన్నీ కాదనడు, నవ్వి ఊరుకుంటాడు.

మంచివాడే, ఎవరు కాదన్నారు? కానీ నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెతని పట్టుకుని బతికేసేవాళ్ళతో ఒక చిక్కుంది. చేదు మాట ఒకటి చెప్పాల్సిన రోజు వచ్చిందంటే వాళ్ళు నీళ్ళు నములుతారు. అవి చివరికి ఇంకెవరి గొంతుకో అడ్డం పడతాయి.

చుక్కల మాస్టారన్న పేరు ఒక ఆట వల్ల వచ్చింది. సముద్రాలు, మబ్బులు, వానలు అని రెండో తరగతి పుస్తకంలో రెండు పేజీల పాఠం ఉంది. ఆరేడేళ్ళ పిల్లలకి నల్లబల్ల మీద బాణాలు గీసి ఆవిరి గురించి చెబితే గోడకి చెప్పినట్టే. అందుకని ఆయన పాఠాన్ని బడి ఆవరణలోకి తెచ్చాడు. సున్నంలో నీలిమందు కలిపి, నేల మీద పెద్ద గుండ్రం గీస్తాడు. అది సముద్రం. ఒక్కొక్కరి మెడలో దారం కట్టిన కాగితపు చుక్క వేసి, చుక్క మీద ఒక నంబరు రాసి, అందరినీ ఆ గుండ్రంలో కూర్చోబెడతాడు. "ఎండొచ్చింది, లేవండి!" అనగానే చుక్కలన్నీ ఆవిరైపోయి, మునివేళ్ళ మీద, చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కి మేడ మీదికి పోవాలి. అక్కడ అందరూ ఒకరినొకరు పట్టుకుని ముద్దగా నిలబడితే మబ్బు. తడిగుడ్డ పట్టుకుని కాచుకుని ఉన్న ఆయా దాన్ని వాళ్ళ మీద విదిలించి "మబ్బు చల్లబడిందర్రోయ్!" అని అరుస్తుంది. అంతే, రెండో వైపు మెట్ల మీంచి దబదబా దూకుతూ వాన. వరండా పొడుగునా వంకర్లు తిరుగుతూ నది. నది వచ్చి మళ్ళీ నీలి గుండ్రంలో పడుతుంది.

అప్పుడు మాస్టారు గీత పక్కన నిలబడి తలలు లెక్కపెడతాడు. "ఎన్ని చుక్కలు పోయాయి?" అని అడుగుతాడు. పిల్లలు గొంతు చించుకుని చెబుతారు. "ఎన్ని వచ్చాయి?" మళ్ళీ అంతే. "చూశారా, లెక్క సరి! సముద్రంలో కలిసింది ఏదీ పోదు. కాస్త ఆలస్యమైనా తిరిగొస్తుంది." పుస్తకంలో "నీరు ఎక్కడికీ పోదు" అని ఉంటుంది. ఈయన దాన్ని "ఏదీ పోదు" అని మార్చుకున్నాడు. చెవికి ఇంపుగా ఉంది, పిల్లలకి నచ్చింది, అంతకన్నా ఆలోచించలేదు.

మొదట్లో ఆట అయిన మర్నాడు ఉప్పునీళ్ళ ప్రయోగం కూడా చేసేవాడు. వెడల్పు గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి, మధ్యలో చిన్న గ్లాసు పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం బిగించి ఎండలో ఉంచడం. దానికి నాలుగు గంటలు పడుతుంది, పిల్లలకి విసుగు. "మాస్టారూ, మళ్ళీ చుక్కలాట" అని వాళ్ళు గొడవ చేస్తే కాదనలేక, ఎనిమిదేళ్ళ కిందట ఆ ప్రయోగం మానేశాడు.

ఈ ఏడాది తరగతిలో ముప్పై నలుగురున్నారు. ముప్పై నాలుగో చుక్క వరసలో అందరికన్నా వెనక నిలబడే ఒక చిన్నపిల్ల. అందరికన్నా పొట్టి, అందరికన్నా ఘాటు, అందుకని బడంతా దాన్ని మిరియం అంటుంది. వాళ్ళ నాన్న చేపల పడవ మీద ఇంజను చూసుకునే మనిషి. నాలుగు నెలల కిందట ఐదుగురితో వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. వాళ్ళమ్మ రేవు దగ్గర షెడ్డులో చినిగిన వలలు బాగుచేస్తుంది.

చుక్కలాట రోజున, ఆట అయిపోగానే అందరూ కుళాయి దగ్గరికి పరిగెత్తారు. మిరియం మాత్రం మెడలోని దారం తీసి మాస్టారి చేతికిస్తూ అక్కడే నిలబడింది.

"మాస్టారూ, ఏదీ పోదా?"

"పోదమ్మా."

"మా నాన్న సముద్రంలోనే కదా ఉన్నాడు. మరి ఇప్పుడు ఎందాకా వచ్చాడు? మేడ మీదున్నాడా, నదిలోకి వచ్చేశాడా?"

గంట కొట్టడానికి ఇంకా ఒక నిమిషం ఉంది. ఆ నిమిషంలో ఏదో ఒక నిజం చెప్పి ఉండొచ్చు. నాకు తెలియదమ్మా అన్నా సరిపోయేది. మాస్టారు ఆ పిల్ల మొహం చూశాడు. చూసి, "దారిలో ఉన్నాడమ్మా," అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. మాస్టారి నోరు జారలేదు. ఆ మాటని ఆయన చూసి, ఏరి, మెత్తగా ఉందని ఇచ్చాడు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మర్నాడు పొద్దున ప్రార్థన అవ్వగానే మిరియం వచ్చేసింది. "ఇవాళ ఎక్కడున్నాడు?" మబ్బులో అన్నాడు మాస్టారు. మూడో రోజు కూడా మబ్బులోనే. ఆ తర్వాత కొండ మీద మంచులో చిక్కుకున్నాడు. "మంచులో ఎన్నాళ్ళుంటాడు?" అంటే "ఒక్కోసారి చాలా రోజులు పడుతుందమ్మా," అన్నాడు. ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకున్నాడు కూడా, మంచు అయితే ఏళ్ళ తరబడి సాగదీయొచ్చు కదా అని. పాప మరిచిపోతుందిలే అనుకున్నాడు. పాప లెక్కల నోటు పుస్తకం వెనక అట్ట మీద రెండు వైపులా మెట్లు, మధ్యలో మేడ గీసి, ఒక బుల్లి మనిషి చేతిలో పానా పెట్టి, రోజుకొక మెట్టు మీద వాణ్ణి చెరిపి గీస్తోంది. ఆ అట్ట చెరిపి చెరిపి చిల్లు పడేదాకా వచ్చింది.

మూడో వారంలో ఒక సాయంత్రం, బడి వదిలేశాక, మిరియం వాళ్ళమ్మ వచ్చింది. శుభ్రంగా తల దువ్వుకుంది, ఉతికిన బట్టలు కట్టుకుంది. నాలుగు నెలల్లో ఆమె మొహం అంత తేటగా మాస్టారు చూడలేదు.

"మాస్టారుగారూ, పాప అంతా చెప్పింది," అంది ఆమె గొంతు తగ్గించి, వరండాలో ఎవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసి. "దారిలో ఉన్నాడన్నారట కదా."

"అదంటే అమ్మా... అది పాఠం..."

"నాకు తెలుసండీ. మీ బావమరిదిగారు హార్బరు ఆఫీసులోనే కదా పనిచేసేది. బయటికి చెప్పకూడని కబురు ఏదో ఆయన మీ చెవిన వేసి ఉంటారు. పైకి చెబితే ఆయన ఉద్యోగానికి ముప్పని మీరు పాఠంలో పెట్టి పాప చేత నాకు చెప్పించారు. ఆ మాత్రం అర్థం చేసుకోలేనా? మా ఆయన్ని ఏ వేరే పడవో ఎక్కించుకుని ఉంటుంది. మంచున్న చోటికి తీసుకుపోయిందా అండీ?"

మాస్టారు కుర్చీ వెనక చెయ్యి ఆనించుకున్నాడు.

"ఆఫీసువాళ్ళు సంతకం పెట్టమని కాగితం తెచ్చారు," ఆమె చెప్పుకుపోయింది. "వెతకడం ఆపేశాం, మనిషి ఇక లేడని ఒప్పుకుంటున్నానని. తిప్పి పంపేశాను. మా అక్క వాళ్ళ ఊళ్ళో నాకు కుట్టు పని, ఉండడానికి ఒక గది చూసిపెట్టింది, ఈ నెలలోనే వచ్చెయ్యమంది. రానని ఫోన్ చేసి చెప్పేశాను. ఆయనొచ్చి చూస్తే తలుపుకి తాళం ఉంటే ఎలాగండీ?"

చెప్పాల్సిన క్షణం ఏదైనా ఉందంటే అదే. మాస్టారు నోరు తెరిచాడు. ఆయన నోట్లోంచి వచ్చింది ఏమిటంటే, "ఒకసారి కనుక్కుని చెబుతానమ్మా."

ఆమె మొహంలో వెలుగు ఒక్కసారి ఆగినట్టయింది. తలూపి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళేసరికి బావమరిది టీ తాగుతూ కూర్చున్నాడు. సంగతి విన్నాక కప్పు కింద పెట్టేశాడు. "బావా, మీకు మతుందా? ఆ పడవ చెక్కలు రెండు నెలల కిందటే దొరికాయి. ఇంజను గది తలుపు దొరికింది, నంబరుతో సహా. ఆ మనిషి ఉండేది ఆ తలుపు వెనకాలే. ఈ కుర్చీలో కూర్చుని నేనే చెప్పాను మీకు."

"చెప్పావు," అన్నాడు మాస్టారు.

"ఆమెకీ చెప్పాం. తలుపు దొరికింది గానీ మనిషి దొరకలేదుగా అని వాదించింది. నాలుగుసార్లు ఆఫీసుకి పిలిచి, కూర్చోబెట్టి, మెల్లగా దారికి తెచ్చాం. సంతకం పెడతానని అన్న మనిషి తిరగబడితే ఎందుకా అనుకున్నాను. ఇదన్నమాట."

భార్య వంటగది గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి ఆ రోజు నవ్వలేదు. "మీరు ఆ పిల్లతో అన్నప్పటికే మీకు తెలుసన్నమాట," అంది. "రేపు వెళ్ళి చెప్పండి. ఈసారి మెత్తగా కాదు." ఆయన సరేనన్నాడు. సరేననడం ఆయనకి ఎప్పుడూ కష్టం కాదు.

మర్నాడు వలల షెడ్డుకి వెళ్ళాడు. పైకప్పు దూలాల నుంచి ఆకుపచ్చ వలలు వేలాడుతున్నాయి, వాటి కింద పదిమంది ఆడవాళ్ళు బాసింపట్టు వేసుకుని కూర్చుని చిరుగులు కడుతున్నారు. మిరియం వాళ్ళమ్మ గోడ వైపు ఉంది. మాస్టారు ఆమె ముందు నేల మీద కూర్చుని, తలెత్తకుండా, అంతా చెప్పాడు. బావమరిది తనకే రహస్యమూ చెప్పలేదని చెప్పాడు. చెక్కల సంగతి తనకి ముందే తెలుసని చెప్పాడు. పాప మొహం చూసి అబద్ధమాడానని చెప్పాడు.

ఆమె సూది ఆపలేదు. ఒక చిరుగు పూర్తిచేసి, ముడి వేసి, దారం తెంపాక మాట్లాడింది.

"నిన్న మీరు కనుక్కుంటానన్నప్పుడే అర్థమైంది నాకు. తెలిసినవాళ్ళు కనుక్కుంటాననరు."

"అక్కకి మళ్ళీ ఫోన్ చెయ్యమ్మా. చేసి..."

"రాత్రే చేశాను. ఆ గదిలో వేరేవాళ్ళు దిగిపోయారట. పని కూడా వాళ్ళకే ఇచ్చేశారు." ఆమె ఇంకో చిరుగు వెతికి పట్టుకుంది. "మిమ్మల్నని ఏం లాభంలెండి. ముందే తెలిసిందాన్ని, మళ్ళీ నమ్మాను. చదువుకున్నవారు, ఊరికే అనరు కదా అనుకున్నాను. పాపకి మాత్రం మీరే చెప్పాలి. నేను చెప్పాను, నమ్మలేదు. నీకు తెలీదులే అమ్మా, మాస్టారు చెప్పారు అంటోంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. మాస్టారు అటక మీంచి పాత వెడల్పు గిన్నె దింపి, తుడిచి, శనివారం బడి వదిలాక మిరియాన్ని మేడ మీదికి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. గిన్నెలో సగానికి నీళ్ళు పోసి నాలుగు గుప్పెళ్ళ ఉప్పు పాప చేతే వేయించాడు. రుచి చూడమన్నాడు. "ఛీ!" అని ఉమ్మేసింది. ఈ సముద్రంలోంచి ఏమేం పైకి లేస్తుందో చూద్దామన్నాడు. మధ్యలో గ్లాసు, పైన ప్లాస్టిక్ కాగితం, కాగితం నడిమధ్య కాస్త కిందికి దిగేలా ఒక గులకరాయి. ఇద్దరూ నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నారు. పాపకి అస్సలు విసుగు రాలేదు. "వస్తున్నాయి మాస్టారూ, వస్తున్నాయి!" అంటూ పది నిమిషాలకోసారి వెళ్ళి చూసొచ్చింది. కాగితం అడుగున చెమట పట్టింది, చెమట చుక్కలైంది, చుక్కలు గులకరాయి కిందికి జారి గ్లాసులో పడ్డాయి. సాయంత్రానికి రెండు చెంచాల నీళ్ళు.

"తాగి చూడు."

మిరియం తాగింది. పెదాలు చప్పరించింది. "ఉప్పు లేదు."

"లేదు."

"ఉప్పు ఎక్కడుంది మరి?"

"గిన్నెలోనే ఉంది."

"అదెప్పుడు వస్తుంది?"

"రాదమ్మా," అన్నాడు మాస్టారు.

"ఇంకా చాలా ఎండ కాస్తే?"

"ఎంత కాసినా రాదు. నీళ్ళొక్కటే లేస్తాయి. మిగతావి సముద్రంలోనే ఉండిపోతాయి. ఆటలో నేను ఏదీ పోదన్నాను చూడు, అది తప్పు. నీళ్ళు పోవు అనాలి. నేను తప్పు చెప్పాను."

పాప గిన్నెలో వేలు ముంచి నాకింది. ఈసారి ఉమ్మలేదు. గిన్నెలోకి వంగి చూసింది.

"మాస్టారూ, మా నాన్న నీళ్ళా, ఉప్పా?"

మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్ళేనన్న సంగతి మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత మెత్తటి జవాబు! ఇంకో ఆరు నెలలు దాని మీద నడిపించొచ్చు. ఆయన దాన్ని మింగేశాడు.

"ఉప్పమ్మా."

మిరియం ఏడవలేదు. గ్లాసులో మిగిలిన చుక్క నీళ్ళని మళ్ళీ గిన్నెలో పోసేసింది. "ఇంటికెళ్ళనా?" అని అడిగింది. వెళ్ళమన్నాడు. పాప మెట్లు దిగే చప్పుడు ఆగాక మాస్టారు ఆ వేడి మేడ మీద కూర్చుని ఏడ్చాడు. ఆ ఏడుపు ఎవరికీ పనికి రాలేదు.

సోమవారం నుంచి ఆ పిల్ల ప్రార్థన అవ్వగానే వచ్చి అడగడం మానేసింది. నోటు పుస్తకం వెనక అట్ట చించేసింది. దానిలో ఘాటు పోయింది. పక్కవాడు గిల్లినా తిరిగి గిల్లడం లేదు. వాళ్ళమ్మ కాగితం మీద సంతకం పెట్టింది.

నెల తర్వాత తనిఖీకి పై అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. "మాస్టారూ, మీ చుక్కలాట పెట్టించండి, మన బడికి పేరొస్తుంది," అంది హెడ్ మేడమ్. ఈ ఆట ఇక ఆడించనండీ అని చెప్పాలని మాస్టారు ఆవిడ గది దాకా వెళ్ళాడు. వెళ్ళి, "అలాగేనండీ" అని చెప్పి వచ్చాడు. జీవితంలో ఒక్కసారి "రాదు" అన్నంత మాత్రాన మనిషి మారిపోతాడా?

నీలి గుండ్రం కొత్తగా గీశారు. అధికారికి కుర్చీ వేశారు. మాస్టారు ఒక్కొక్కరి మెడలో చుక్క వేసుకుంటూ చివరికి వచ్చాడు. నువ్వు వద్దులేమ్మా అని మనసులో అనుకుంటూనే ఉన్నాడు. మిరియం తల వంచింది, ఆయన దారం వేశాడు. పిల్లలంతా గుండ్రంలో కూర్చున్నారు.

"ఎండొచ్చింది, లేవండి!"

ముప్పై మూడు చుక్కలు మునివేళ్ళ మీద లేచాయి. మిరియం లేవలేదు. గుండ్రం నడిమధ్య మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. మాస్టారు గీత దగ్గరికి వచ్చి వంగి, "లేమ్మా," అన్నాడు.

"నేను రాను మాస్టారూ. నేను ఉప్పుని."

అధికారి కుర్చీలోంచి ముందుకి వంగాడు. "భలే! ఉప్పు అడుగునే ఉండిపోతుందని కూడా నేర్పారన్నమాట! ఎంత బాగా కూర్చుందో చూడండి, కదలడం లేదు!" అని పక్కనున్న హెడ్ మేడమ్‌తో అన్నాడు. జేబులోంచి కలం తీసి ఏదో రాసుకున్నాడు. హెడ్ మేడమ్ మాస్టారి వైపు గర్వంగా చూసింది.

మేడ మీద ఆయా తడిగుడ్డ విదిలించింది. వాన దబదబా కురిసింది, వరండాలో నది పారింది, వచ్చి గుండ్రంలో పడింది. పిల్లలు మిరియం చుట్టూ తోసుకుంటూ కూర్చుని మాస్టారి నోటి వైపు చూశారు. ఎన్ని చుక్కలు పోయాయని ఆయన అడిగాడు. ముప్పై మూడన్నారు. ఎన్ని వచ్చాయి? ముప్పై మూడు. తర్వాతి మాట కోసం అందరూ కాచుకుని ఉన్నారు. మాస్టారు తల దించుకుని నీలి గీత వైపు చూశాడు. వాళ్ళే అందుకుని, అలవాటైన పాట పాడినట్టు, సముద్రంలో కలిసింది ఏదీ పోదని అరిచారు. అధికారి చప్పట్లు కొట్టాడు.

గంట కొట్టారు. అందరూ వెళ్ళిపోయారు. మిరియం అలాగే కూర్చుని ఉంది. లేపడానికి ఆయా వెళ్తే రెండు చేతులూ నేలకి అదిమిపట్టింది. మాస్టారు గీతకి ఇవతల నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టే ధైర్యం లేదు, ఇంటికి వెళ్ళే మొహం లేదు.

షెడ్డు వదిలాక వాళ్ళమ్మ పాపని వెతుక్కుంటూ వచ్చింది. ఆవరణలో కూతురిని చూసింది, నేల మీది నీలి రంగు చూసింది, మాస్టారి మొహం చూసింది. చెప్పులు గీతకి ఇవతల విడిచి, లోపలికి వెళ్ళి, కూతురి పక్కన కూర్చుంది.